‘వయసు ప్రభావమే’ అని వదిలేయవచ్చా?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు పదమూడేళ్లకూ ఇరవయ్యేళ్లకూ మధ్య ఉన్న పిల్లల గురించే. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒకే మాట కనిపించింది: ‘ఇదంతా వయసు ప్రభావమేనని మావాళ్లు అంటున్నారు.’ ఆ మాట ఎన్నోసార్లు నిజమే. కానీ ఆ మాట నమ్మి ఊరుకున్నందువల్ల రెండు మూడేళ్లు నష్టపోయి, చివరికి నా ఓపీ గదిలో తలవంచుకుని కూర్చున్న పిల్లలను కూడా నేను చూస్తూనే ఉన్నాను. అందుకే ఈసారి ఆ తేడాను తెలుసుకోవడానికి పనికివచ్చే ప్రశ్నలనే ఎంచుకున్నాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. పోయిన ఏడాది వరకు నా కొంగు పట్టుకుని తిరిగినవాడు ఇప్పుడు మాటకు మాట ఎదురు చెబుతున్నాడు. గది తలుపు వేసుకుంటున్నాడు. మొన్న ముగ్గురు స్నేహితులు ఒకే బండి మీద హైవే ఎక్కారని పక్కింటివాళ్లు చెప్పారు. అడిగితే, ‘అది ప్రమాదమని నాకు తెలుసమ్మా’ అంటాడు. తెలిసీ ఎందుకు వెళ్లాడో అర్థం కావడం లేదు. చదువు, తిండి, ఆటలు మామూలుగానే ఉన్నాయి. ఇది జబ్బా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: జబ్బు కాదమ్మా. చదువు, తిండి, ఆటలు మామూలుగా ఉన్నాయని మీరే రాశారు. స్నేహితులు ఉన్నారని ఉత్తరమే చెబుతోంది. ఈ నాలుగూ నిలబడి ఉన్నంతకాలం ఎదురు మాటలనూ మూసిన తలుపునూ చూసి బెంబేలు పడనవసరం లేదు. అయితే ‘తెలిసీ ఎందుకు వెళ్లాడు’ అన్న మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, దానికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

పిల్లల మెదడు ఆరేళ్లకే పరిమాణంలో పెద్దవారి మెదడుకు దగ్గరగా వస్తుంది. అందువల్ల ఆ తరువాత అందులో పెద్దగా జరిగేదేమీ ఉండదని చాలాకాలం అనుకున్నారు. 1979లో షికాగోలో పీటర్ హటెన్‌లోకర్ అనే నాడీవైద్యుడు చనిపోయినవారి మెదళ్ల నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టి, నాడీకణాల మధ్య ఉండే సంధులను, అంటే సైనాప్స్‌లను, ఓపికగా లెక్కపెట్టాడు. నుదుటి వెనుక ఉండే భాగంలో పసిబిడ్డలకు పెద్దవారికన్నా సుమారు సగం ఎక్కువ సంధులు ఉన్నాయనీ, పదహారేళ్లు వచ్చేలోగా అవి తగ్గుతూ వస్తాయనీ ఆ లెక్కలో తేలింది. ఆ తరువాత 1999లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన జే గీడ్ బృందం 145 మంది ఆరోగ్యవంతులైన పిల్లలకు, యువతకు ఎంఆర్ఐ స్కానులు తీసి, వారిలో కొందరిని కొన్నేళ్ల తరువాత మళ్లీ స్కాను చేసి చూసింది. మెదడు ముందు భాగంలో నాడీకణాలు ఉండే బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు 11 ఏళ్లకు, మగపిల్లల్లో 12 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి పలచబడుతోందని తేల్చింది.

పలచబడటమంటే క్షీణించడం కాదు. మీది వ్యవసాయ కుటుంబమైతే ఇది వెంటనే అర్థమవుతుంది. పత్తి చేలో కుదురుకు రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైన మొక్కను ఉంచి, ఒత్తుగా ఉన్న మిగతా మొక్కలను తీసేస్తాం. మెదడు కూడా వాడుకలో ఉన్న సంధులను ఉంచుకుని, వాడని వాటిని తీసేసుకుంటుంది. మిగిలిన దారులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు పడుతుంది. తొడుగు పడిన దారిలో సంకేతం ఎన్నో రెట్లు వేగంగా వెళుతుంది. ఈ పని మెదడంతటా ఒకేసారి జరగదు. చూపు, కదలిక వంటి పనులు చూసే భాగాలు ముందు కుదురుకుంటాయి. ముందువెనకలు ఆలోచించడం, ఆగడం, ఒక పని ఫలితాన్ని ముందే ఊహించడం వంటివి చూసే నుదుటి వెనుక భాగం అన్నిటికన్నా చివర కుదురుకుంటుంది. మరోవైపు, ఆనందం, ఉత్సాహం, భయం, కోపం వంటి వాటికి స్పందించే లోపలి భాగాలు ఈడు వచ్చేసరికే చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయి. ఈ రెండిటి మధ్య ఉన్న కొన్నేళ్ల ఎడమే మీ అబ్బాయి ఇప్పుడు దాటుతున్న దారి.

ఇక అతనికి తెలియక కాదు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు మూడు వయసులవారి చేత కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు వయసుల మధ్య తేడా అంతగా లేదు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్లవారు బాగా ఎక్కువ ప్రమాదాలకు సిద్ధపడ్డారు. 24 దాటినవారిలో మాత్రం స్నేహితులు ఉన్నా లేకున్నా పెద్దగా తేడా కనిపించలేదు. మీ వంటింట్లో నిలబడి ‘అది ప్రమాదం’ అన్న పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. బండి మీద ఇద్దరు స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు ఆ తెలివిడి అతనికి అందుబాటులో లేకుండా పోయింది.

కాబట్టి ఉపన్యాసం వల్ల ఉపయోగం తక్కువ; ఏర్పాటు వల్ల ఎక్కువ. పదిహేనేళ్లకు ఏ బండికీ లైసెన్సు రాదు, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఇది అతన్ని బెదిరించడానికి కాదు, ‘ఈ విషయంలో నా చేతిలో ఏమీ లేదు నాన్నా’ అని మీరు గొడవ లేకుండా చెప్పగలగడానికి ఉపయోగించండి. మూసిన తలుపు గురించి మాత్రం పట్టించుకోకండి. తట్టి లోపలికి వెళ్లండి, అంతే.

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, హాస్టల్‌లో ఉంటుంది. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ తనే తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి బతుకమ్మ పేర్చేది. మొన్న దసరాకు వస్తే పూల దగ్గరకే రాలేదు. సంక్రాంతికి ఇంకా తగ్గిపోయింది. తలనొప్పి, కడుపునొప్పి అంటుంది. రెండుసార్లు డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారు. ఒక రాత్రి వాళ్ల అమ్మతో, ‘నామీద మీకు ఖర్చు దండగ’ అంది. కాలేజీవాళ్లు ఇంటిమీద బెంగ అన్నారు, మా అక్క వయసు ప్రభావం అంటోంది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళితే రేపు పెళ్లికి అడ్డమవుతుందేమోనని భయం.
– ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఈ వారంలోనే వైద్యుడికి చూపించండి. పరీక్షలు అయ్యేదాకా, మళ్లీ సెలవులు వచ్చేదాకా ఆగవద్దు.

తెనాలి అబ్బాయి విషయంలో ఊరటనిచ్చిన నేను మీ విషయంలో తొందరపెట్టడానికి కారణం మీ ఉత్తరంలోని బతుకమ్మే. పిల్లలను పక్కింటి పిల్లలతో పోల్చి చూస్తే ఏమీ తెలియదు. నిన్నటి తమతోనే పోల్చి చూడాలి. ప్రతి ఏడూ పూలు కోసుకొచ్చే పిల్ల పూల దగ్గరకే రాలేదంటే, ఇష్టమైన పనిలో ఇష్టం పోయిందని అర్థం. కుంగుబాటుకు ఏడుపుకన్నా ఇదే నమ్మదగిన గుర్తు. రెండోది, ఎంతకాలంగా అన్నది. రెండు వారాలు దాటి రోజులో ఎక్కువభాగం ఇలాగే ఉంటే మేము పట్టించుకుంటాం; మీ అమ్మాయికి దసరా నుంచి సంక్రాంతి దాకా మూడు నెలలైంది. మూడోది, ఎన్ని చోట్ల అన్నది. కాలేజీలో మాత్రమే దిగులుగా ఉండి ఇంటికి రాగానే కోలుకునే పిల్లకు ఇంటి బెంగ ఉందనుకోవచ్చు. ఇంటికి వచ్చాక కూడా తగ్గిపోతున్న పిల్లది బెంగ కాదు. ఏ పరీక్షలోనూ దొరకని తలనొప్పి, కడుపునొప్పి ఈ వయసులో కుంగుబాటు తరచుగా వేసుకునే వేషం. మన ఇళ్లల్లో ‘మనసు బాగాలేదు’ అంటే వినరు, ‘కడుపు నొప్పి’ అంటే వింటారు. పిల్లలకు ఇది తెలుసు.

ఈ వయసులోనే ఎందుకు వస్తుందని మీరు అడగలేదు కానీ చెప్పడం నా బాధ్యత. 192 అధ్యయనాలలోని 7 లక్షలకు పైగా మంది వివరాలను కలిపి 2021లో వెలువరించిన ఒక విశ్లేషణ ప్రకారం, మానసిక వ్యాధులు మొదలయ్యే వయసు 14న్నరేళ్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. వ్యాధికి గురైనవారిలో మూడోవంతుకు పైగా మందికి 14 ఏళ్లలోపు, దాదాపు సగం మందికి 18 ఏళ్లలోపు, 62.5 శాతం మందికి 25 ఏళ్లలోపు అది మొదలై ఉంటుంది. గుండె జబ్బు, షుగరు నడివయసు దాటాక తలుపు తడితే, మనసు జబ్బులు మెదడు తనను తాను తిరిగి కట్టుకుంటున్న ఈ ఏళ్లలోనే తడతాయి. కట్టడం జరుగుతున్న ఇంటికి వానా గాలీ ఎక్కువ నష్టం చేస్తాయి. తక్కువ నిద్ర, అవమానం, ఒంటరితనం, విడవని ఒత్తిడి ఈ వయసు మెదడు మీద మామూలుకన్నా లోతుగా పనిచేస్తాయి. పుట్టుకతో వచ్చిన బలహీనత ఏదైనా ఉంటే అదీ ఇప్పుడే బయటపడుతుంది. ఈడు వచ్చాక ఆడపిల్లల్లో కుంగుబాటు మగపిల్లలకన్నా సుమారు రెట్టింపు కనిపిస్తుంది. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉందని గుర్తించింది. అరవై మంది ఉన్న తరగతి గదిలో ఇది నలుగురికి పైనే.

ఇప్పుడు, ‘ఖర్చు దండగ’ అన్న మాట. పిల్లలు చనిపోవాలన్న ఆలోచనను నేరుగా చెప్పరు, ఇలాగే చుట్టుతిప్పి చెబుతారు. వాళ్ల అమ్మను పక్కన కూర్చోబెట్టి, ఫోన్లు పక్కన పెట్టి, మెల్లగా అడగమనండి: ‘నువ్వు ఆ రాత్రి అన్న మాట నాకు గుర్తుంది బిడ్డా. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?’ ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందువల్ల భారం తగ్గిన పిల్లలే ఎక్కువ. అవునంటే కోప్పడకండి, ఒట్లు వేయించుకోకండి. ‘చెప్పినందుకు మంచిదైంది, రేపు కలిసి డాక్టరు దగ్గరకు పోదాం’ అనండి. అప్పటిదాకా ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో, పొలం కొట్టంలో ఉన్న పురుగుమందులకు, పాత మాత్రల నిల్వలకు తాళం వేయండి లేదా ఇంట్లోంచే తీసేయండి. ఏ వేళలోనైనా 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ.

చికిత్సకు మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి వెళ్లవచ్చు. అక్కడే రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం రెండూ నీరసాన్నీ దిగులునూ పెంచగలవు. పెళ్లి గురించి ఒక్క మాట. ఈ వయసులో సకాలంలో చికిత్స జరిగిన కుంగుబాటు చాలామందిలో నయమవుతుంది. వైద్యం చేయించిన సంగతి మీరు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. వైద్యం చేయించకపోతే జరిగేదే అందరికీ తెలుస్తుంది.

ప్రశ్న: నేను ఒక జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లలను ఉదయం 4:30కు లేపి 5 గంటలకు స్టడీ అవర్‌లో కూర్చోబెడతాం, రాత్రి 10:30 వరకు చదివిస్తాం. మొదటి రెండు గంటలు సగం మంది కునుకుతూనే ఉంటారు. తెల్లవారుజామున చదివితే బాగా ఎక్కుతుందని మా యాజమాన్యం అంటుంది. ఇది సోమరితనమా?
– ఒక అధ్యాపకుడు, గుంటూరు జిల్లా

జవాబు: సోమరితనం కాదు మాస్టారూ, వారి ఒంటి గడియారం మారింది. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ నిద్రకు పిలుపు వంటిది. ఈడు వచ్చిన పిల్లల్లో ఆ పిలుపు ఆలస్యంగా వస్తుందని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్‌స్కాడన్ దశాబ్దాల పరిశోధనలో చూపించారు. చిన్నప్పుడు తొమ్మిదింటికే పడుకున్న పిల్లవాడికి పదహారేళ్లప్పుడు పదకొండు దాటితేగానీ నిద్ర రాకపోవడం అందుకే. తెల్లవారుజామున లేవడం ఇంట్లో తాతగారికి సులువు. ఆయన గడియారం ముందుకు జరిగింది, మనవడిది వెనక్కు జరిగింది. తాతగారి అనుభవంతో మనవడికి టైంటేబుల్ వేయకూడదు.

13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. మీరు రాసిన లెక్క ప్రకారం, దీపం ఆర్పగానే నిద్రపట్టినా ఆరు గంటలు దాటదు. చదివింది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే కాబట్టి ఆ రెండు గంటల స్టడీ అవర్ చదువుకు మేలు చేయకపోగా నిన్న చదివినదాన్ని కూడా తినేస్తోంది. అంతకన్నా ముఖ్యంగా, దీర్ఘకాలం నిద్ర తగ్గిన పిల్లల్లో చిరాకు, ఆందోళన, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయి. అమెరికాలో శిశువైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఉదయం 8:30కు ముందు మొదలుపెట్టవద్దని కోరింది. మీరు మీ కాలేజీని అంతదాకా తీసుకువెళ్లలేకపోవచ్చు. స్టడీ అవర్‌ను ఆరున్నరకు, రాత్రి చదువును తొమ్మిదిన్నరకు మార్చి ఒక్క సెక్షన్‌లో నెలరోజులు నడిపి, వారాంతపు పరీక్షల మార్కులు చూద్దామని ప్రిన్సిపాల్ గారిని అడగండి. మార్కుల భాష యాజమాన్యానికి అర్థమవుతుంది.

ఇంకొక విషయం కూడా మీరు వారి దృష్టికి తేవచ్చు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం మానాలనీ అందులో ఉంది. మీ దగ్గర ఆ కౌన్సెలర్ ఉన్నారా అని ఈ వారమే అడిగి చూడండి.

ప్రశ్న: మెదడు 25 ఏళ్ల దాకా పూర్తిగా ఎదగదని రీల్స్‌లో చెబుతున్నారు. అయితే అప్పటిదాకా మా నిర్ణయాలకు విలువ లేనట్టేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అలా కాదమ్మా. 25 అనేది గీత గీసి చెప్పే వయసు కాదు. ఆ మార్పు ఇరవైల్లో మెల్లగా నెమ్మదిస్తుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. సావకాశంగా ఆలోచించి తీసుకునే నిర్ణయాల్లో పదహారేళ్లవారు పెద్దవారికి పెద్దగా తీసిపోరు. ఆవేశంలో, స్నేహితుల మధ్య, అప్పటికప్పుడు తేల్చాల్సిన విషయాల్లోనే తేడా కనిపిస్తుంది. మెదడు మారుతూ ఉండటం లోపం కూడా కాదు. మీరు ఈ వయసులో నేర్చుకున్న భాష, వాయిద్యం, స్నేహం అంత గట్టిగా నిలిచిపోవడానికి అదే కారణం.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. ఏడాదిన్నరగా వారానికి మూడు నాలుగుసార్లు గంజాయి తాగుతున్నాను. మొక్కే కదా, సిగరెట్టుకన్నా నయం అంటారు మావాళ్లు. పోయిన నెల రెండు రోజులపాటు హాస్టల్‌లో అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నట్టు, నా ఫోను ఎవరో వింటున్నట్టు అనిపించింది. తరువాత తగ్గింది. మా పెద్ద మేనమామకు ఇరవయ్యేళ్లప్పుడు మతి చలించిందని చెప్పుకుంటారు, వివరం ఎవరూ మాట్లాడరు. ఇంట్లో చెప్పలేను. భయంగా ఉంది.
– పేరు రాయలేదు, హైదరాబాద్

జవాబు: ఈ ఉత్తరం రాసి చాలా మంచి పని చేశారు. మీ భయం అర్థం లేనిది కాదు, కానీ మీరు సరైన సమయంలోనే అడిగారు.

మన మెదడు తనకు కావలసిన గంజాయి వంటి పదార్థాలను చిటికెడు మోతాదులో తానే తయారుచేసుకుంటుంది. నాడీకణాల మధ్య సంకేతాలు మరీ ఎక్కువ కాకుండా, మరీ తగ్గకుండా అవి సర్దుతుంటాయి. యుక్తవయసులో దారులు కుదుర్చుకునే పనిలోనూ వాటికి పాత్ర ఉంది. బయటి నుంచి గంజాయి వారానికి నాలుగుసార్లు వచ్చి పడితే ఆ సున్నితమైన సర్దుబాటు దెబ్బతింటుంది. మొక్క నుంచి వచ్చిందా లేదా అన్నది మెదడుకు అక్కరలేదు. ఉమ్మెత్త కూడా మొక్కే.

స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45,570 మంది యువకులను 15 ఏళ్లపాటు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, లేని అనుమానాలు కలిగే తీవ్రమైన మానసిక వ్యాధి) వచ్చే అవకాశం తాగనివారికన్నా ఆరు రెట్లు ఉన్నట్టు తేలింది. న్యూజిలాండ్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తున్న ఒక బృందంలో 15 ఏళ్లకే మొదలుపెట్టినవారిలో పదిమందికి ఒకరు 26 ఏళ్లు వచ్చేసరికి ఆ తరహా వ్యాధికి లోనయ్యారు. తాగనివారిలో అది నూటికి ముగ్గురు. ఆ పదిమందికి ఒకరన్న లెక్క చిన్న గుంపు మీద వచ్చిందే, అయినా రెండు అధ్యయనాలూ చూపుతున్న దిక్కు ఒకటే. తాగినవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదన్నది కూడా నిజమే. మీ స్నేహితులకు ఏమీ కాకపోవడానికీ మీకు అలా అనిపించడానికీ మధ్య తేడా మీ మేనమామ దగ్గర ఉండవచ్చు.

ఒత్తు మొక్కలు తీసేసే పని గురించి పైన చెప్పాను. ఆ పని శ్రుతిమించడం వల్ల స్కిజోఫ్రీనియా వస్తుందేమోనని 1982లోనే ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఊహించాడు. 2016లో హార్వర్డ్‌కు, బ్రాడ్ సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు సీ4 అనే జన్యువులో కొన్ని రూపాలు ఉన్నవారికి ఆ జబ్బు అవకాశం కొంత ఎక్కువని గుర్తించారు. ఎలుకల్లో ఆ జన్యువు సంధులను తొలగించే పనిలోనే పాలుపంచుకుంటోందని కూడా చూశారు. మగవారిలో ఈ వ్యాధి సాధారణంగా ఇరవయ్యేళ్ల అటూ ఇటూ మొదలవడానికి ఇదొక వివరణ. మేనమామకు ఉంటే మీకు కొంత అవకాశం పెరుగుతుంది, అంతే. అలాంటి బంధువులున్నవారిలో అత్యధికులకు అది రాదు. కుటుంబంలో వచ్చినదాన్ని మీరు మార్చలేరు. గంజాయి మాత్రం మీ చేతిలో ఉంది.

ఈ రోజుతో ఆపేయండి. మొదటి ఒకటి రెండు వారాలు నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి తగ్గడం ఉంటాయి, అవి తగ్గిపోతాయి. అందరూ నా గురించే మాట్లాడుతున్నారన్న భావన గంజాయి లేకుండానే మళ్లీ వస్తే, ఒక్క రోజు కూడా ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి. రాకపోయినా ఈ నెలలో ఒకసారి కలవండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. మీకు 18 దాటాయి కాబట్టి, మీ ప్రాణానికో ఇతరుల ప్రాణానికో ముప్పు వంటి పరిస్థితి ఉంటే తప్ప మీ వివరాలు ఇంట్లో చెప్పే హక్కు వైద్యుడికి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకు ఆ గోప్యత ఇచ్చింది. మీ అమ్మగారిని మేనమామ గురించి మాత్రం ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి. ఏ వయసులో మొదలైంది, ఏం మందులు వాడారు అన్నది వైద్యుడికి చాలా ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మా చెల్లెలి కూతురికి ఇరవై ఏళ్లు. నాలుగు నెలలుగా ఒంటరిగా నవ్వుకుంటుంది, ఎవరో తనతో మాట్లాడుతున్నారంటుంది, స్నానం చేయదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పెళ్లి చేస్తే కుదురుతుందని సంబంధాలు చూస్తున్నారు.
– ఒక పెద్దమ్మ, నెల్లూరు జిల్లా

జవాబు: పెళ్లి ఆపించండి, అమ్మాయిని ఈ వారమే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. మీ చెల్లెలికి మీ మాట మీద గురి ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది, ఆ గురిని దీనికి వాడండి. ఇది సైకోసిస్ లక్షణంలా ఉంది, అంటే నిజంగా ఉన్నదేదో లేనిదేదో మనసుకు తేడా తెలియని స్థితి. మొదటి లక్షణానికీ మొదటి చికిత్సకూ మధ్య ఎంత ఎక్కువ కాలం గడిస్తే కోలుకోవడం అంత కష్టమవుతుంది. అందుకే 1992లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాంటి యువత కోసమే ప్రత్యేక సేవను మొదలుపెట్టారు, తరువాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి. నాలుగు నెలలు ఇప్పటికే పోయాయి. చికిత్స దొరికితే ఇదే పిల్ల మళ్లీ చదువుకోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, తన ఇష్టంతో పెళ్లీ చేసుకోవచ్చు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, తెగిపోయిన నిద్ర, బహుశా వెంటనే గర్భం, ఇవన్నీ జబ్బు పడిన మెదడు మోయలేని బరువులు. రేపు అక్కడ ‘దాచి చేశారు’ అన్న నింద ఆ పిల్ల మీదే పడుతుంది. తాయెత్తు తీసేయమని పోట్లాడకండి. తాయెత్తు చేతికి ఉండనివ్వండి, మాత్ర నోట్లోకి వెళ్లాలి.

ప్రశ్న: మా పద్నాలుగేళ్ల అబ్బాయికి కుంగుబాటు అని డాక్టరు ఫ్లూఆక్సెటిన్ రాశారు, కౌన్సెలింగ్‌కు కూడా రమ్మన్నారు. ఎదిగే మెదడుకు మందు చెరుపు చేస్తుందని, అలవాటైపోతుందని మా బంధువు, ఒక మెడికల్ షాపు ఆయన, అన్నారు. మందు కొనలేదు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: తేలికపాటి కుంగుబాటుకు ముందు కౌన్సెలింగ్ చాలు. మధ్యస్థం, తీవ్రం అయినప్పుడే ఈ వయసులో మందు రాస్తాం. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల 439 మంది పిల్లల మీద జరిపి 2004లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, 12 వారాలకు మందు, మాటల చికిత్స కలిపి పొందినవారిలో 71 శాతం, మందు మాత్రమే వాడినవారిలో 61 శాతం, మాటల చికిత్స మాత్రమే పొందినవారిలో 43 శాతం, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో 35 శాతం మంది మెరుగయ్యారు. మీ డాక్టరు రెండూ కలిపి చెప్పడం సరైన పద్ధతి.

భయపడవలసింది లేదని నేను అనను. ఈ తరగతి మందులు వాడిన పిల్లల్లో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు కొందరిలో పెరగవచ్చని 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టింది. పరీక్షల్లో అది ఉత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి ఇద్దరైతే మందు వాడినవారిలో నూటికి నలుగురు. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. అందువల్ల మొదటి నెల వారం వారం డాక్టరుకు చూపించాలి, అకస్మాత్తుగా అస్థిమితం, నిద్రలేమి, కోపం పెరిగితే ఆ రోజే ఫోను చేయాలి. అలవాటు అంటే మత్తుమందులా ఇంకా ఇంకా కావాలనిపించడమైతే, ఈ మందుకు అది లేదు. కానీ బాగైందని సొంతంగా ఆపకూడదు. ఎదిగే మెదడుకు చెరుపు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: నెలల తరబడి చికిత్స లేని కుంగుబాటు కూడా ఆ మెదడు మీదే పనిచేస్తుంది. చదువు, స్నేహాలు, నిద్ర పోయే నెలలు ఈ వయసులో మళ్లీ రావు.

మీ బంధువు చెప్పిన మాటలను కూడా ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకే తీసుకువెళ్లి అడగండి, ఆయన నొచ్చుకోరు. అదే కాగితం వెనుక మూడు విషయాలు రాయండి: అబ్బాయి ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నాడు, ఇదివరకు ఇష్టపడి చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి మానేశాడు, చనిపోవడం గురించి ఏ రూపంలోనైనా ఏమైనా అన్నాడా. మూడో ప్రశ్నకు జవాబు మీకు తెలియకపోతే, వెళ్లే ముందు రోజు రాత్రి అన్నం తిన్నాక అతని పక్కన కూర్చుని అడగండి.